ఎవరి పద్దు?

తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ డబ్బు అడగవలసిన పరిస్థితి నాకు మొదటిసారి 2023 చివర్లో వచ్చింది. నా కోసం కాదు, నా స్నేహితురాలి వాళ్ళమ్మ కోసం. 'నా కోసం కాదు' అన్న మాట ఆ రోజుల్లో నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. మన కోసం కానప్పుడు ఏమైనా రాసెయ్యొచ్చు, ఎలాగైనా అడగొచ్చు అనుకుంటాం. అందులో తప్పేముంది అని కూడా అనిపించదు. అది తప్పా కాదా అన్నదాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

ఆవిణ్ణి నేను పిన్నీ అని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను. పేరు రాయొద్దంది. ఊరి పేరు కూడా వద్దంది, దివిసీమ అంటే చాలంది. జబ్బు పేరు మాత్రం రొమ్ము క్యాన్సర్ అని స్పష్టంగా రాయమంది. ఈ షరతుల వెనక ఒక గొడవ ఉంది. ఆ గొడవలో నా వైపు తప్పు ఎక్కువ.

పిన్నికి అప్పటికి 62 ఏళ్ళు. బాబాయి పోయి ఎనిమిదేళ్ళు. ఇంట్లో కుట్టుమిషన్ ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళతో చీటీలు నడుపుతుంది. కొడుకు కైకలూరు వైపు చేపల చెరువు లీజుకి తీసుకుని నష్టపోయాడు. కూతురు, అంటే నా స్నేహితురాలు, విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. మేమిద్దరం డిగ్రీ నుంచీ కలిసి చదువుకున్నాం. సెలవులకి వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి దాటుకుంటూ బస్సు వెళ్తుంటే కిటికీ పక్కన కాలవ నీళ్ళూ వరిచేలూ కనిపించేవి. నా దృష్టిలో పిన్ని అంటే ఆ పచ్చదనంతో పాటు కనిపించే ఒక నవ్వు మొహం. అంతకుమించి ఆవిణ్ణి గురించి నాకేం తెలుసని ఎప్పుడూ ప్రశ్నించుకోలేదు.

ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలాక ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. పరీక్షలన్నీ అయ్యాక కూతురు ఏడుస్తూ "ఎందుకు దాచావమ్మా?" అని అడిగితే, "చీటీ ఇంకా ఆరు పాటలు ఉందే. మధ్యలో నేను ఆసుపత్రిలో పడితే ఇరవై మంది ఆడవాళ్ళ డబ్బు ఎవరు చూస్తారు?" అంది. పరిస్థితి అది.

ఆపరేషన్ అయింది, కీమో మొదలయింది. ఆ తర్వాత ట్రాస్టుజుమాబ్ అనే మందు మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఇవ్వాలన్నారు. కొంత పథకం కింద జరిగింది, కొంత చేతినుంచి పెట్టుకోవలసి వచ్చింది. మందులు, పరీక్షలు, రాకపోకలు, ఆగిపోయిన కుట్టుపని అన్నీ కలిపి చూస్తే చేతి ఖర్చు ఆరు లక్షలు తేలింది. నా స్నేహితురాలు కాగితం మీద ఆ అంకె రాసి నా ముందు పెట్టింది. "నువ్వు బాగా రాస్తావు కదే, ఒక ఉత్తరం రాయి. అందరికీ పంపుదాం" అంది.

రాశాను. గంటలో రాశాను. నా పిహెచ్‌.డి. తెలుగు రచయిత్రుల కథల్లో మాతృత్వం మీద. త్యాగమయి అయిన తల్లి అనే బొమ్మ పితృస్వామ్యానికి ఎలా అక్కరకొస్తుందో మూడు వందల పేజీలు రాసి పట్టా తీసుకున్నదాన్ని. అదే చేత్తో, అంత సులువుగా, 'తాను పస్తులుండి పిల్లల్ని చదివించిన తల్లి', 'రాత్రింబవళ్ళు మిషన్ తొక్కి కళ్ళు పోగొట్టుకున్న తల్లి', 'జీవితంలో తనకంటూ ఏమీ కోరుకోని తల్లి' అని రాసేశాను. చివర కీమోకి జుట్టు ఊడిన ఫోటో ఒకటి పెట్టాం. నిద్రపోతున్నప్పుడు కూతురు తీసిన ఫోటో అది.

నాలుగు రోజుల్లో 61 మంది 2,14,000 రూపాయలు పంపారు. కళ్ళు చెమర్చాయని రాశారు. ఇలాంటి తల్లులు అరుదు అన్నారు. ఇంకొన్ని మాటలు కూడా వచ్చాయి. ఒక పెద్దాయన "కొడుకు లేడా?" అన్నాడు. కొడుకు ఉన్నాడంటే మరి అడగడమెందుకని, లేడంటే అయ్యో పాపమని ఆయన లెక్క. కూతురు మోస్తోందన్న సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు. ఇంకొకాయన "అరవై దాటాయిగా, అంత ఖర్చు పెట్టడం అవసరమా, డాక్టర్ని అడిగారా?" అన్నాడు, ఎంతో మర్యాదగా. మా కాలేజీ రోజుల మేష్టారొకరు, మంచివాడే, "రొమ్ము అనే మాట తీసేసి క్యాన్సర్ అని మాత్రం పెట్టమ్మా, అందరూ ఉంటారు కదా" అన్నారు. తీసేశాను కూడా.

ఆ రాత్రి మాత్రం ఒక ఆలోచన వచ్చింది. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' నవలలో ఇందిర ఉంది కదా. తన సుఖం తను చూసుకుంటుంది, తన బతుకు తను బతుకుతుంది, ఎవరి మెప్పుకోసమూ కరిగిపోదు. మన క్లాసుల్లో, మన వ్యాసాల్లో ఎంత మెచ్చుకున్నాం ఇందిరని! అరవై ఏళ్ళ ఇందిర ఆసుపత్రి మంచం మీద ఉంటే ఆమె కోసం ఉత్తరం ఎలా రాస్తాను? 'తన ఇష్టప్రకారం బతికిన ఈమెకు వైద్యసహాయం అందించండి' అని రాస్తే ఎంతమంది ఇస్తారు? చలం రాజేశ్వరికి జబ్బు చేస్తే? కల్యాణికైతే పుష్కలంగా వస్తాయి. అంటే నేను రాసిన ఉత్తరం, ఇచ్చినవాళ్ళ దయ, రెండూ కలిసి ఏ స్త్రీ బతకడానికి అర్హురాలో తేలుస్తున్నాయి. ఆ కొలబద్ద నేనే తయారుచేసి నలుగురి చేతుల్లో పెట్టాను.

ఈ ఆలోచన వచ్చాక కూడా ఉత్తరం మార్చలేదు. డబ్బు వస్తోంది కదా.

ఐదోరోజు పిన్ని దాన్ని చదివింది. చీటీలో ఉన్న ఒకావిడ తన ఫోన్‌లో చూపించిందట. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉంది, తలకి తువ్వాలు చుట్టుకుని.

"ఇదెవరమ్మా?" అంది.

"మీరే పిన్నీ."

"నేను పస్తు ఎప్పుడున్నానే? మా ఇంట్లో పస్తులేంటి? నాకు మిషన్ ఇష్టం. నా మిషను, నా డబ్బు. జాకెట్టుకి ఇంత అని పుచ్చుకున్నాను. నాకేం కోరికల్లేవని ఎవరు చెప్పారు నీకు? పుట్టింటోళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మొద్దని మీ బాబాయితో రెండేళ్ళు మాట్లాడలేదు. అది రాయకపోయావా?"

నేనేం మాట్లాడలేదు. ఫోటో దగ్గర ఆవిడ గొంతు మారింది.

"ఉప్పెనప్పుడు నాకు పదహారేళ్ళు. పొలాల్లో శవాలు ఇంకా తియ్యలేదు. లారీలో బట్టలొచ్చాయి. వరసలో నిలబెట్టి ముందు ఫోటో తీశారు, ఆ తర్వాతే చీర ఇచ్చారు. మా నాయనమ్మ తీసుకోకుండా వెనక్కొచ్చేసింది. నేను తీసుకున్నాను. కట్టుకోడానికేం లేదు మరి. ఆ ఫోటో ఏ పేపర్లో పడిందో, ఎవరు చూశారో ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు నువ్వు తీశావు, నిద్దట్లో."

దివిసీమ ఉప్పెన గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. 1977 నవంబరు 19. వేల ప్రాణాలు పోయాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి బజార్లలో తిరిగారని, ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి జోలెలో వేశారని చిన్నప్పట్నుంచీ విన్నాం. అది గొప్ప సంగతే, కాదనను. మనుషులు మనుషులకి ఇచ్చారు. కానీ వినే కథలన్నీ ఇచ్చినవాళ్ళ వైపునుంచే విన్నాం. తీసుకున్నవాళ్ళ చెయ్యి ఎలా ఉందో, ఆ చీర రంగు వాళ్ళకి నచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"ఇచ్చినోళ్ళ పేర్లు రాశావా?" అంది పిన్ని. బ్యాంకు వాళ్ళ లెక్క ఉందన్నాను. "అది కాదు. పుస్తకం పెట్టు. పెళ్ళిలో చదివింపులు రాసినట్టు రాయాలి. ఎవరు, ఏ ఊరు, ఎంత. వాళ్ళింట్లో అవసరం వచ్చినప్పుడు మనం వెళ్ళాలి. వెయ్యినూటపదహార్లకి వెయ్యినూటపదహార్లు. ఊరికే తీసుకుని ఊరుకోడం మా ఇంటా వంటా లేదు." అని, కాస్త ఆగి, "ఆ రెండు లక్షలు మాత్రం నా పుస్తకంలో రాయను. అవి నాకివ్వలేదు. నువ్వు రాసినావిడకిచ్చారు. అది నీ పద్దు" అంది.

ఆ డబ్బులో అప్పటికే సగం ఖర్చయిపోయింది. రెండో ఉత్తరం పిన్ని చెబుతుంటే నేను రాశాను. రొమ్ము క్యాన్సర్ అని రాయించింది. "ఆ మాట చదివి ఇంకో నలుగురు చూపించుకుంటారు. నేను ఏడు నెలలు దాచాను, అది తప్పు. అది కూడా రాయి" అంది. ఖర్చు పద్దులవారీగా వేయించింది. ఫోటో లేదు. త్యాగం లేదు. ఇది సాయంగా తీసుకుంటున్నామని, తిరిగి ఇవ్వగలిగినప్పుడు ఇస్తామని, ఇవ్వలేకపోతే మన్నించమని చివర రాయించింది.

రెండు నెలల్లో 83 మంది 1,32,000 ఇచ్చారు. చీటీలో ఉన్న ఇరవై మందీ అందులో ఉన్నారు. మొదటి ఉత్తరానికి నాలుగు రోజుల్లో వచ్చినదానికంటే ఇది చాలా తక్కువ. మధ్యలో ఒక డోసు డబ్బు కట్టాల్సిన రోజు వచ్చింది. చేతిలో పదకొండు వేలున్నాయి. ఆ రోజు నా స్నేహితురాలు నా మీద విరుచుకుపడింది.

"ఆ పాత ఉత్తరమే పంపితే ఈపాటికి అయిపోయేది. మీ సిద్ధాంతాలు నీ దగ్గర పెట్టుకో. ఆత్మగౌరవం ఉన్న తల్లి కాదు, బతికున్న తల్లి కావాలి నాకు."

ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆమె అన్నది స్వార్థం కాదు. పచ్చి నిజం. ఆత్మగౌరవానికి ఇంత ఖరీదని ఒక అంకె తేలిపోయింది మా విషయంలో. ఆ ఖరీదు నా జేబులోంచి పోయేది కాదు కాబట్టి, 'గౌరవమే ముఖ్యం' అనే హక్కు నాకు లేదు. కూతురు బంగారం కుదువపెట్టి 1,74,000 తెచ్చింది. కొడుకు ఎక్కడో పట్టి 80,000 పంపాడు. ఆ డోసు రెండు రోజులు ఆలస్యంగా పడింది.

ఈ గొడవలో పడి నేను మళ్ళీ పుస్తకాల దగ్గరికి వెళ్ళాను. నాకు తెలిసిన దారి అదే కదా. సుసాన్ సొంటాగ్‌కి 1975లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వైద్య బీమా లేదు. న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్ సంపాదకుడు రాబర్ట్ సిల్వర్స్, మరికొందరు మిత్రులు కలిసి డబ్బు పోగుచేశారు. అంత పేరున్న రచయిత్రి కూడా చందాతో బతికింది. ఆ తర్వాత 1978లో ఆమె 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' రాసింది. క్యాన్సర్ మీద పుస్తకం అది. తనకి ఆ జబ్బు ఉందన్న మాట అందులో ఎక్కడా ఉండదు. నా కథ చెప్పను, ఆలోచన చెబుతాను అన్నది ఆమె నిర్ణయం. ఆడ్రీ లార్డ్ 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్'లో అందుకు పూర్తిగా భిన్నమైన పని చేసింది. తన శరీరాన్ని, భయాన్ని, తీసేసిన రొమ్మునీ దాచకుండా రాసింది. కృత్రిమ రొమ్ము పెట్టుకోనంది. అలా వస్తే ఆసుపత్రిలో మిగతావాళ్ళ ధైర్యం దెబ్బతింటుందని ఒక నర్సు అంటే ఒప్పుకోలేదు. ఒకరు మౌనంగా ఉన్నారు, ఒకరు మాట్లాడారు. ఏది స్త్రీవాదం అని మనం సెమినార్లలో వాదించుకోవచ్చు. నాకిప్పుడు కనిపిస్తున్నది వేరే. ఇద్దరి విషయంలోనూ ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో జబ్బుపడిన మనిషే నిర్ణయించుకుంది. ఆ రెండు పుస్తకాలూ చదవని మా పిన్ని, జబ్బు పేరు చెప్పు, నా పేరు చెప్పకు అని తన మార్గం తను తేల్చుకుంది. నేను ఆ నిర్ణయాన్ని ఆమె నిద్రలో ఉండగా లాగేసుకున్నాను.

మంచి పనికోసం కదా అని మీరనొచ్చు. అవును, మంచి పనికోసమే. ఇక్కడే నాకు చిక్కు. అవసరంలో ఉన్న మనిషి 'వద్దు' అనడం చాలా కష్టం. తిండి పెట్టే చేతికి, మందు కొనే చేతికి ఎదురు చెప్పడం అలవాటు లేని ఆడవాళ్ళకి మరీ కష్టం. అందుకే వాళ్ళు ఒప్పుకున్నారు కదా అన్న మాట ఇలాంటి చోట చాలదు. వద్దంటే కూడా మందు ఆగదు అని నమ్మకం కుదిరాక అడగాలి. మేం అసలు అడగనేలేదు.

ఇక పిన్ని చదివింపుల పుస్తకం. మార్సెల్ మాస్ 1925లో కానుక మీద రాసిన గ్రంథంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ బాధ్యతలేనని చెప్పాడు. డెల్టా ఊళ్ళల్లో పెళ్ళి పందిట్లో పుస్తకం పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పుచ్చుకున్నదాన్ని రాసుకుంటే పుచ్చుకున్న మనిషి తల వంచుకోనక్కర్లేదు. ఇవాళ నేను తీసుకున్నా రేపు ఇచ్చేదాన్నే అని నిలబడుతుంది. జాలి తీసేసుకునేది సరిగ్గా దీన్నే, తిరిగి ఇచ్చే స్థానాన్ని.

కానీ ఈ పుస్తకాన్ని కూడా మరీ నెత్తిన పెట్టుకోలేను. పిన్ని పక్క మంచం మీద ఒక వ్యవసాయ కూలీ ఉండేది. దళితవాడ నుంచి వచ్చిన మనిషి. పిన్ని ఒకరోజు "ఆవిడకి కూడా ఒక ఉత్తరం రాయకూడదా?" అంది. నాకు నోట మాట రాలేదు. నా ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ అప్పటికే అడిగేశాను. ఆ పేర్లకి కులం ఉంది, వర్గం ఉంది, ఇంగ్లీషు చదువు ఉంది. చదివింపుల పుస్తకంలో 83 పేర్లు ఉండాలంటే ముందు మన ఇంటికి 83 మంది వచ్చిపోయే బతుకు ఉండాలి. తిరిగి ఇవ్వగలం అని గర్వంగా అనడానికి కూడా కాస్త ఆస్తి కావాలి. ఆవిడకి నేను రాయలేదు.

అందుకే ఇది ఉత్తరాలతో తేలే విషయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నుంచి 2007 జూన్ దాకా ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఆసుపత్రి ఖర్చులకని 55 వేలకు పైగా కేసుల్లో సుమారు 168 కోట్లు ఇచ్చారు. ప్రతి కేసు వెనకా ఒక అర్జీ, ఎవరి చుట్టూనో తిరగడం. ఆ అనుభవంలోంచే 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు మారుతూ వచ్చింది, లోపాలూ ఉన్నాయి. అయినా కార్డు చూపిస్తే చాలు, మంచి తల్లివా కాదా అని ఎవరూ అడగరు. ఇందిరకీ కల్యాణికీ ఒకటే వరస. ఆ ఒక్క కారణానికే నాకు ఆ కార్డు నా ఉత్తరంకంటే గొప్పగా కనిపిస్తుంది.

అసలు పిన్ని ఎందుకు అడగవలసి వచ్చింది? పుట్టింటి పొలంలో అన్నదమ్ములతో పాటు కూతుళ్ళకీ సమాన వాటా అని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది 1986లో. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళని అందులో చేర్చలేదు. పిన్ని పెళ్ళి 1980లో. ఇచ్చిన ఆ ఎకరమూ బాబాయి వ్యాపారానికి అమ్మేశారు. నలభై ఏళ్ళు ఇరవై మంది డబ్బుకి కాపలా కాసిన మనిషి పేరున సొంత ఆస్తి లేదు. నా మొదటి ఉత్తరంలో రాయవలసింది అదే. రాసి ఉంటే ఎవరి కళ్ళూ చెమర్చేవి కావేమో.

డోసులన్నీ 2025 మొదట్లో పూర్తయ్యాయి. పరీక్షలకి వెళ్ళొస్తోంది. మళ్ళీ మిషన్ ఎక్కింది. గుడివాడలో పుస్తకంలోని ఒకరింట్లో పెళ్ళయితే వెళ్ళి వెయ్యినూటపదహార్లు చదివించి వచ్చింది, ఆ పేరు పక్కన గీత పెట్టింది. కొన్నిచోట్ల 'పేరు చెప్పలేదు' అని రాసుకుంది. వాటినేం చెయ్యాలో ఇంకా తేలలేదు. స్నేహితురాలు నాతో మాట్లాడుతోంది గానీ ఆ రోజు మాట ఇద్దరం ఎత్తం.

నా పద్దు అలాగే ఉంది, 2,14,000. లేని మనిషిని చూపించి తెచ్చిన డబ్బు, ఉన్న మనిషిని బతికించిన డబ్బు. తిరిగి పంపలేను, నాదీ కాదు. ఆ 61 మందికీ రెండో ఉత్తరం పంపి, మొదటిదాంట్లో రాసింది నా కల్పన అని ఒప్పుకున్నాను. పదకొండు మంది జవాబిచ్చారు. ఇద్దరికి కోపం వచ్చింది. ఒకావిడ "నేనిచ్చింది ఇద్దరావిడలకీ అనుకోండి" అని రాసింది.

ఈ వ్యాసం ఆ బాకీలో కొంత చెల్లు వేసుకోమని మొన్న పిన్నిని అడిగాను. కుడుతున్న జాకెట్టు మీంచి తల ఎత్తకుండానే, "ముందు చదివి వినిపించు, చూద్దాం" అంది.